లూథరన్ ఇంటి నుంచి కతోలిక ఇంటికి వచ్చిన కోడలికి: సత్ప్రసాదం గురించి

అమ్మా, మీ ప్రశ్నలు మూడు. గుంటూరులో లూథరన్ కుటుంబంలో పుట్టి, ప్రభు సంస్కారం నెలకొకసారి తీసుకునే సంఘంలో పెరిగి, కతోలిక ఇంటికి కోడలిగా వచ్చిన మీకు, ఇక్కడ ప్రసంగం పది నిమిషాల్లో ముగిసి మిగిలిన సమయమంతా బలిపీఠం దగ్గరే గడవడం వింతగా ఉందన్నారు. గుడిలో ఎవరూ లేని వేళ కూడా మీవారు సత్ప్రసాదం భద్రపరిచే ఆ చిన్న మందసం వైపు తిరిగి మోకరిల్లుతారు, ఎందుకన్నారు. అందరితోపాటు వరుసలో నిలబడి మీరూ సత్ప్రసాదం, అంటే పూజలో పంచే ఆ అప్పం, తీసుకోవచ్చా అని అడిగారు. మంచం పట్టిన మీ అత్తగారికి ఆదివారం పూజ తరువాత ఒకాయన ఇంటికే సత్ప్రసాదం తెస్తారనీ, ఆ కాసేపూ ఏం చెయ్యాలో తోచక మీరు వంటింట్లోకి వెళ్ళిపోతున్నారనీ చివరలో రాశారు. నేను దైవశాస్త్ర పండితుణ్ణి కాను. ముప్పయి ఏళ్ళకు పైగా గుంటూరు పీఠంలో (డయోసిస్‌లో) ఉపదేశిగా ఉన్నాను. పిల్లలను ప్రథమ సత్ప్రసాదానికి సిద్ధం చేయడం, మంచం మీద ఉన్నవారికి సత్ప్రసాదం తీసుకువెళ్ళడం నా పని. ఆ పనిలో నేర్చుకున్నదే రాస్తున్నాను.

ముందు మాట దగ్గర మొదలుపెడతాను, ఎందుకంటే సత్ప్రసాదం అన్న మాట మనవాళ్ళను కొంత తికమక పెడుతుంది. ప్రసాదం అనగానే చేయి చాచిన ప్రతివారికీ పెట్టేదని ఈ నేల మీద పుట్టిన ఎవరికైనా అనిపిస్తుంది. ఫిబ్రవరి 9 నుంచి 11 వరకు విజయవాడలో గుణదలమాత తిరునాళ్ళు జరిగినప్పుడు, మొక్కు తీర్చుకోవడానికి వచ్చిన హిందూ సోదరులు ఎంతో భక్తితో మా వరుసలో నిలబడి చేయి చాచడం చూశాను, వారి మనసు నొచ్చుకోకుండా ఎలా చెప్పాలో తెలియక ఇబ్బందిపడ్డాను. దేవునికి నివేదించినదానిలో మనకు అందే పాలు ప్రసాదం. ఇక్కడ అందేది దేవునికి పెట్టినదానిలో మిగిలిన భాగం కాదు, తన్ను తాను ఇచ్చుకున్న ప్రభువే అని మా విశ్వాసం. గ్రీకులో దీనికున్న పేరుకు కృతజ్ఞత చెల్లించడం అని అర్థం. ఆ పేరే మనకు అలవాటై ఉంటే సగం అపోహలు ఉండేవి కావేమో.

“అప్పం అప్పమే కదా, అందులో ప్రభువు ఎలా ఉంటాడు” అని మీ పుట్టింటివారు అన్నారని రాశారు. ఈ ప్రశ్న లూథరన్లకు రావడం నాకు కొంచెం ఆశ్చర్యమే. 1529లో జర్మనీలోని మార్‌బర్గ్‌లో లూథర్ గారూ, అప్పం ఒక గుర్తు మాత్రమేనన్న జూరిక్ సంస్కర్త జ్వింగ్లీ గారూ ఎదురెదురుగా కూర్చుని వాదించుకున్నప్పుడు, లూథర్ గారు బల్ల మీద సుద్దముక్కతో “ఇది నా శరీరము” అని లాటిన్‌లో రాసి, ఆ మాటను దాటి ఒక్క అడుగు కూడా కదలనన్నారు. రోమ్‌తో ఎన్ని విషయాల్లో విభేదించినా ప్రభువు నిజంగా ఉన్నాడన్న చోట ఆయన పట్టు వదల్లేదు. 1842లో మీ లూథరన్ మిషనరీ ఫాదర్ హయ్యర్ గారు గుంటూరు తెచ్చిన సంప్రదాయం కూడా అదే. మీ సంఘానికీ మాకూ ఉన్న తేడా ఉన్నాడా లేడా అన్నది కాదు. అప్పంతోపాటు, అప్పంలో ప్రభువు శరీరం ఉన్నదని మీవారు చెబుతారు. రూపం, రుచి, బరువు అప్పానివే అయినా దాని సారం పూర్తిగా మారి క్రీస్తు శరీరమైపోయిందని 1551లో ట్రెంట్ మహాసభ చెప్పిన మాట మేము పట్టుకుంటాము. ఎలా మారిందని పిల్లలు అడిగితే నేను వివరించడానికి పూనుకోను. యోహాను సువార్త ఆరవ అధ్యాయం చదివించి, ఈ మాట కఠినమైనదని ఆనాడే చాలామంది శిష్యులు వెనక్కి వెళ్ళిపోయారనీ, అయినా ఆయన ఆ మాట మార్చుకోలేదనీ చూపిస్తాను.

అందుకే మీవారు మందసం ముందు మోకరిల్లుతారు. లోపల సత్ప్రసాదం ఉన్నంతకాలం పక్కన దీపం వెలుగుతూ ఉండాలన్నది నియమం. ఆ ఎర్రటి గాజు దీపం వెలుగుతోందంటే ఇంటివారు ఇంట్లో ఉన్నారన్నట్టే. మందసం పూజించడం కోసం పుట్టలేదు, రోగుల కోసం పుట్టింది. దాని సంగతి మీ అత్తగారి విషయం వచ్చినప్పుడు చెబుతాను.

“క్రీస్తు ఒక్కసారే బలి అయ్యాడు కదా, మీరు ప్రతిదినం బలి అర్పించడమేమిటి” అన్న మాట కూడా మీరు విని ఉంటారు. హెబ్రీయులకు రాసిన లేఖ ఒక్కసారే అని చెప్పింది, మేమూ అదే నమ్ముతాము. పూజలో కొత్తగా ఇంకొక బలి జరగదు, సిలువ మీది ఆ ఒక్క బలి ముందే మేము నిలబడతాము. దీన్ని అర్థం చేసుకోవడానికి “నా జ్ఞాపకార్థము చేయుడు” అన్నప్పటి ఆ జ్ఞాపకం ఎటువంటిదో చూడాలి. మనకు జ్ఞాపకం అంటే తద్దినం వంటిది: పోయినవారు పోయారు, మనం ఏటా ఒకరోజు తలచుకుంటాము. యూదుల పాస్కాలో జ్ఞాపకం అలాంటిది కాదు. ఐగుప్తు విడిచి ఎన్ని వందల ఏళ్ళు గడిచినా, ఆ రాత్రి తండ్రి కొడుకుతో “నేను ఐగుప్తు నుండి బయటికి వచ్చినప్పుడు ప్రభువు నా కొరకు చేసినది ఇది” అని చెప్పాలని నిర్గమకాండం పదమూడవ అధ్యాయం ఆజ్ఞాపిస్తుంది. మా తాత ముత్తాతల కొరకు అనమని చెప్పలేదు, నా కొరకు అనమన్నది. చివరి రాత్రి ప్రభువు అటువంటి భోజనపు బల్ల దగ్గర కూర్చుని ఆ మాట పలికాడు, కనుక పూజలో కూర్చున్న మేము కూడా ఆ రాత్రికి బయటివాళ్ళం కాము.

ప్రసంగం చిన్నదన్న మీ ఫిర్యాదులో న్యాయం ఉంది. మా గురువులలో, అంటే ఫాదర్లలో, కొందరు ప్రసంగాన్ని తేలికగా తీసుకుంటారన్నది నిజమే, నేనే కొన్నిసార్లు విసుక్కున్నాను. కాని ఒక్కసారి గమనించండి, ప్రసంగం చిన్నదైనా వాక్యం తక్కువేమీ లేదు: ఆదివారం పాత నిబంధన పఠనం, కీర్తన, అపొస్తలుని లేఖ, సువార్త వరుసగా చదువుతారు, మూడేళ్ళకొకసారి ఆ చక్రం తిరిగి మొదటికి వస్తుంది. పుస్తకం, బల్ల రెండూ కలిసి ఒకటే ఆరాధన. 155వ సంవత్సరం ప్రాంతంలో రోమ్‌లో పునీత జస్టిన్ గారు చక్రవర్తికి రాసిన విజ్ఞప్తిలో ఆదివారం ఏం చేస్తారో వివరించారు: పట్టణాల నుంచీ పల్లెల నుంచీ అందరూ ఒకచోట చేరతారు, అపొస్తలుల జ్ఞాపకాలో ప్రవక్తల రచనలో సమయం ఉన్నంతమేరకు చదువుతారు, పెద్ద ప్రసంగిస్తాడు, అందరూ లేచి ప్రార్థిస్తారు, అప్పం, నీరు కలిపిన ద్రాక్షారసం తెస్తారు, పెద్ద కృతజ్ఞతలు చెల్లిస్తే ప్రజలు “ఆమెన్” అంటారు, పంచుకుంటారు, రానివారికి పరిచారకులు తీసుకువెళతారు, కలిగినవారు ఇచ్చిన కానుకలను అనాథలకు, విధవలకు, రోగులకు, చెరలో ఉన్నవారికి, పరదేశులకు వాడతారు. మా పూజ ఇప్పటికీ ఈ వరుసలోనే నడుస్తుంది. నేను చిన్నవాణ్ణిగా ఉన్నప్పుడు మాత్రం గురువులు మాకు వీపు చూపి లాటిన్‌లో చెప్పేవారు, గంట మోగితే తల వంచడమే మాకు తెలిసిన భాష. రెండవ వాటికన్ మహాసభ 1963లో ఆరాధన గురించి ఇచ్చిన పత్రం తరువాతే తెలుగు పూజ వచ్చింది. 1969లో భారతదేశ శ్రీసభకు (కతోలిక సంఘానికి) రోమ్ పన్నెండు అంశాలు అనుమతించాక చెప్పులు విడిచి నేల మీద కూర్చోవడం, అంజలి, దీపం, హారతి కూడా పూజలోకి వచ్చాయి.

పల్లెల్లో ఈ బల్ల విలువ ఎలా తెలుస్తుందో చెబుతాను. ఒక విచారణ (పారిష్) కింద పది, పన్నెండు ఊళ్ళు ఉంటాయి, గురువులు ఒక్కరే. నేను ఎక్కువకాలం ఉన్న ఊరికి పూజ నెలకొకసారే వచ్చేది. మిగతా ఆదివారాలు నేనే వాక్యం చదివి, ప్రార్థన చేయించి, పాటలు పాడించి పంపేవాణ్ణి. ఆ రోజుల్లో పొలానికి పోవలసినవాళ్ళు పొలానికి పోయేవారు. ఫాదర్ గారు మోటారు సైకిలు మీద పూజ సామాను పెట్టె కట్టుకుని వచ్చే ఆదివారం మాత్రం ఊరి నడకే మారిపోయేది. ముందురోజు సాయంత్రం ఆడవాళ్ళు గుడి ఊడ్చి ముగ్గు పెట్టేవారు, గురువుల దగ్గర పాపాలు ఒప్పుకునే పాపసంకీర్తనానికి వరుస కట్టేవారు, పెళ్ళి ప్రకటనలు అప్పుడే చదివేవారు, ఆసుపత్రిలో ఉన్నవాడి కోసం చందా అప్పుడే పోగయ్యేది, అన్నదమ్ముల తగవులు పూజ అయ్యాక గుడి అరుగు మీదే తెగేవి. వాక్యం ప్రతి వారం ఒకటే, చదివేవాణ్ణీ నేనే. అయినా బల్ల పరిచిన రోజునే అది ఊరుగా చేరేది. విచారణ అంటే చిరునామా కాదని నేను అప్పుడే అర్థం చేసుకున్నాను.

ఇక్కడ ఒక చేదు విషయం కూడా చెప్పాలి, చెప్పకపోతే నేను రాసినది సగమే అవుతుంది. మొదటి కొరింతీయుల లేఖ పదవ అధ్యాయంలో, ఒకే అప్పం ఉన్నది కనుక అనేకులమైన మనం ఒకే శరీరమని పునీత పౌలు గారు రాశారు. వెంటనే పదకొండో అధ్యాయంలో ఆయన కోపం చూడండి: కలిగినవారు ముందే వచ్చి కడుపునిండా తిని తాగుతున్నారు, లేనివారు ఆకలితో కూర్చుంటున్నారు, ఇది మీరు తినే ప్రభువు భోజనం కాదు పొమ్మన్నారు. శరీరమేదో వివేచించకుండా తినేవాడు తన మీదికి తీర్పు తెచ్చుకుంటున్నాడని హెచ్చరించారు. అక్కడ శరీరం అంటే పళ్ళెంలో ఉన్నదొక్కటే కాదు, పక్కన నిలబడినవాడు కూడా. మన తెలుగు విచారణలలో కులాన్ని బట్టి గుడిలో కూర్చునే చోట్లు, చనిపోయాక సమాధుల తోటలు వేరుగా ఉన్న కాలం నేను చూశాను; కొన్నిచోట్ల సమాధుల తోటలు నేటికీ వేరే. నా చిన్నతనంలో మా గుడిలో పెద్ద కులాలవారు సత్ప్రసాదం తీసుకుని వెనక్కి వచ్చాకే దళితపల్లెవారు లేచేవారు, లేవమని కాని ఆగమని కాని ఎవరూ చెప్పేవారు కాదు, అందరికీ తెలుసు అంతే. భారత కతోలిక పీఠాధిపతులు (బిషప్పులు) 2016లో దళితుల కోసం ప్రత్యేక విధానాన్ని ప్రకటించి, శ్రీసభలో ఈ వివక్ష ఉన్నదని ఒప్పుకున్నారు. 2022లో హైదరాబాదు అగ్రపీఠాధిపతులు పూల అంతోని గారు దళితులలో మొదటి కార్డినల్ అయ్యారు. సంతోషమే. కాని కార్డినల్ గారి టోపీ చూసి చప్పట్లు కొట్టిన చేతులే సమాధుల తోట గోడ పడగొట్టడానికి రాకపోతే, కొరింతు సంఘానికీ మనకూ తేడా ఏమీ లేదు.

ఊరి తప్పు ఎత్తి చూపాను కనుక నా తప్పు కూడా దాచుకోను. కొన్నేళ్ళ క్రితం బోదె నీళ్ళ దగ్గర నాకూ మా తమ్ముడికీ మాటలు పోయాయి. ఆదివారం నేను పీఠం మెట్టు మీద నిలబడి “క్రీస్తు శరీరము” అంటూ సత్ప్రసాదం ఇస్తుంటే, వాడు నా వరుస వదిలి ఫాదర్ గారి వరుసలోకి మారిపోయేవాడు. నాకూ అదే బాగుందనిపించింది, వాడి ముఖం చూడనక్కరలేదు కదా అని. రెండు నెలలకు విచారణ గురువులు నన్ను పిలిచి, “తమ్ముడితో మాట్లాడేవరకు మీరు మెట్టు ఎక్కవద్దు” అన్నారు. కానుక పీఠం దగ్గరే విడిచిపెట్టి ముందు వెళ్ళి సహోదరునితో సమాధానపడమన్న మత్తయి సువార్త వాక్యాన్ని పిల్లలకు ఏటా వల్లె వేయించేవాణ్ణి నేనే. ఈస్టరుకు ముందు వచ్చే తపస్సుకాలం నలభై రోజులూ వెనక బల్ల మీద కూర్చున్నాను. పాస్కా (ఈస్టరు) ముందురోజు వాళ్ళింటికి వెళ్ళాను. బోదె తగవు ఇవాళ్టికీ తెగలేదు, నీళ్ళ వంతు లెక్క మాకు ఇప్పటికీ కుదరదు. మాట మాత్రం ఉంది, వాడు నా వరుసలో వస్తాడు.

మీ మూడో ప్రశ్నకు జవాబు ఇక్కడి నుంచే వస్తుంది. అయిదవ శతాబ్దం తొలినాళ్ళలో ఉత్తర ఆఫ్రికాలోని హిప్పోలో, కొత్తగా జ్ఞానస్నానం పొందినవారికి పునీత అగస్టీన్ గారు చెప్పిన మాట ఉంది: బల్ల మీద ఉన్నది మీరే, “క్రీస్తు శరీరము” అన్నప్పుడు మీరు “ఆమెన్” అంటున్నది మీరు ఏమై ఉన్నారో దానికే, కనుక మీ ఆమెన్ నిజమయ్యేలా ఆ శరీరంలో అవయవాలై ఉండండి అన్నారు. అంటే ఆ ఒక్క ఆమెన్‌లో రెండు ఒప్పుకోళ్ళు ఉన్నాయి. చేతిలో పెట్టినది ప్రభువు శరీరమని ఒకటి, ఈ శ్రీసభతో, దీని పీఠాధిపతితో, దీని విశ్వాసంతో, ఈ విచారణలోని మంచీచెడూ మనుషులందరితో నేను ఒకే శరీరమని రెండోది. మీరు మొదటిది ఇవాళే మనస్ఫూర్తిగా అనగలరేమో. రెండోది ఇంకా అనలేదు, అనమని మిమ్మల్ని ఎవరూ తొందరపెట్టకూడదు కూడా. అందుకే కతోలికులు కానివారు మామూలుగా సత్ప్రసాదం తీసుకోరాదన్నది నియమం. ప్రాణాపాయంలోను, పీఠాధిపతి గుర్తించిన గట్టి అవసరాల్లోను, కొన్ని షరతుల మీద సడలింపు ఉంది. మిమ్మల్ని తక్కువ చేయడానికి పెట్టిన నియమం కాదిది. జ్ఞానస్నానం పొందిన కతోలికుడైనా పెద్ద పాపం మనసులో ఉంచుకుని పాపసంకీర్తనం చేయకుండా వస్తే ఆ ఆమెన్ అబద్ధమే, ఆ మాట కతోలికులకు గుర్తుచేసేవారే తక్కువ.

వరుసలో మీవారి వెంట రావడానికి అభ్యంతరం ఉండదు. చాలా విచారణలలో చేతులు రెండూ ఛాతీ మీద అడ్డంగా పెట్టుకుని వస్తే గురువులు ఆశీర్వదించి పంపుతారు. మీ విచారణలో ఆ అలవాటు ఉందో లేదో ముందుగా ఫాదర్ గారిని అడగండి. ఎప్పటికైనా కతోలిక శ్రీసభలో చేరాలనుకుంటే, మీకు మళ్ళీ జ్ఞానస్నానం ఇవ్వరు, లూథరన్ సంఘంలో నీటితో తండ్రి, కుమార, పవిత్రాత్మ నామమున పొందిన బాప్తిస్మం మాకు చెల్లుతుంది. విశ్వాస ప్రకటన చేసి, భద్రమైన అభ్యంగనం (కన్ఫర్మేషన్) పొంది, సత్ప్రసాదం తీసుకుంటే చాలు. యేసు నామమున మాత్రమే బాప్తిస్మం ఇచ్చే సంఘాలు మన జిల్లాలలో చాలా ఉన్నాయి, వారి విషయం వేరు. అత్తవారి మాట కోసం మాత్రం చేరవద్దు.

ఇక మీ అత్తగారి సంగతి. జస్టిన్ గారి కాలంలో పరిచారకులు రానివారికి తీసుకువెళ్ళారని పైన రాశాను కదా, మందసంలో సత్ప్రసాదాన్ని భద్రపరచడం మొదట ఈ అవసరానికే. మీ ఇంటికి వచ్చే ఆయన తెచ్చే చిన్న గుండ్రటి డబ్బీలో ఉన్నది ఆ ఉదయం బల్ల మీద నుంచి వచ్చినదే, అంటే మీ అత్తగారు ఆ వారం కూడా గుడిలో అందరితో కలిసి భోంచేసినట్టే. నేను ఆ డబ్బీ జేబులో ఉండగా దారిలో ఎవరితోనూ ముచ్చట్లు పెట్టను, టీ కొట్టు దగ్గర ఆగను. ఎనభై దాటిన ఒక మామ్మగారు ఉండేవారు. మింగుడు పడక, ఆవగింజంత ముక్క చెంచాలో నీళ్ళతో ఇచ్చేవాణ్ణి. ఇచ్చే ముందు ఆవిడ ప్రతివారం ఒకటే అడిగేవారు, “ఇవాళ గుడికి ఎవరెవరు వచ్చారయ్యా?” నేను పేర్లు చెబుతుంటే ఒక్కొక్క పేరుకూ తల ఊపి, అప్పుడు “ఆమెన్” అనేవారు. చివరి ఆదివారం పేర్లు వినే ఓపిక కూడా లేదు. మరణించబోయేవారికి ఇచ్చే సత్ప్రసాదానికి లాటిన్‌లో ఉన్న పేరుకు అచ్చంగా దారిబత్తెం అని అర్థం. ఆ రోజు నేను ఇచ్చినది అదే.

కనుక మీరు వంటింట్లోకి వెళ్ళవద్దు. ఆయన వచ్చే వేళకు మంచం పక్కన చిన్న బల్లో స్టూలో వేసి ఉతికిన తెల్లగుడ్డ పరచండి. దాని మీద ఒక సిలువ, వెలిగించిన కొవ్వొత్తి, గ్లాసులో నీళ్ళు, చెంచా పెట్టండి. టీవీ ఆపండి. సత్ప్రసాదానికి గంట ముందు నుంచి ఏమీ తినకూడదన్న నియమం రోగులకు, వారిని చూసుకునేవారికి వర్తించదు, కాబట్టి మాత్రలు వేళ తప్పించవద్దు. అప్పం అసలే మింగలేని స్థితి వస్తే ఫాదర్ గారితో చెప్పండి, ద్రాక్షారస రూపంలో ఇచ్చే వీలుంది. వాక్యం మీరే చదవండి. మీ పుట్టింటి బైబిలు నుంచి చదివినా ఆవిడ వింటారు. పరలోక జపం ముగ్గురూ కలిసి చెప్పండి, అది మీ సంఘంలోదీ మాదీ ఒకటే. అయ్యాక అయిదు నిమిషాలు ఆవిడను కదిలించకుండా వదిలేసి, ఆ తరువాత కాఫీ ఇవ్వండి, తెచ్చినాయనకు కూడా.